విస్తరాకు నుండి స్టీలు కంచము వరకు: భోజన పాత్రల గుణదోషములు

బియ్యము కొనునప్పుడు గింజను అరచేతిలో పోసికొని చూతుము. కందులు కొనునప్పుడు పుచ్చు ఉన్నదేమో యని చూతుము. ఏ బావి నీరు తియ్యన, ఏ బావి నీరు ఉప్పన అనునది ఊరిలో అందరును ఎరుగుదురు. కాని ఆ అన్నమును, పప్పును, నీటిని పెట్టుకొను పాత్ర విషయమున అంత శ్రద్ధ తీసికొనువారు తక్కువ. ఇంటిలో ఉన్నదానిలో తిందురు. విందులో వేసినదానిలో తిందురు.

పూర్వము ఈ అశ్రద్ధ వలన పెద్ద నష్టము లేకుండెను. ఇంటిలో కంచు కంచమో, ఇత్తడి పళ్ళెమో, విందులో విస్తరాకో. అంతకు మించి వేరు వస్తువు గ్రామమునకు సాధారణముగా వచ్చెడిది కాదు. నేడు ఆ స్థితి లేదు. అల్యూమినియము, స్టీలు, పింగాణీ, మెలమైను, ప్లాస్టిక్కు, థర్మోకోలు, కాగితపు పళ్ళెములు ఒకదాని వెంట ఒకటి గ్రామములకు వచ్చినవి. వీనిలో కొన్ని మేలైనవి, కొన్ని జాగ్రత్తతో వాడదగినవి, కొన్ని చట్టముచే నిషేధింపబడినవి. పెండ్లియో, జాతరయో, అన్నదానమో ముగిసిన మరునాడు కాలువ గట్టున పడియుండు పళ్ళెములను, గ్లాసులను ఎత్తించు భారము తుదకు పంచాయతీపైననే పడుచున్నది. కావున భోజన పాత్రల సంగతి వంటింటికి మాత్రమే చెందినది కాదు. గ్రామ ఆరోగ్యమును, పారిశుద్ధ్యమును కాపాడవలసిన పంచాయతీ సభ్యులు దీనిని చక్కగా ఎరిగియుండుట అవసరము.

పాత్రను పరీక్షించుటకు నాలుగు ప్రశ్నలు

పాత్రను దాని మెరుపును బట్టియో, ధరను బట్టియో ఎన్నుకొనరాదు. ఈ క్రింది నాలుగు ప్రశ్నలు వేసికొని నిర్ణయింపవలెను.

మొదటిది: ఆహారముతో ఈ పాత్రకు పొసగునా? చింతపండు, నిమ్మకాయ, మజ్జిగ, ఉప్పు మన భోజనములో నిత్యము ఉండునవే. పులుపును ఉప్పును అనేక లోహములను కొద్దికొద్దిగా కరగించును. కావున పొడి ఆహారమునకు సరిపోవు పాత్ర మన పులుసునకు, మజ్జిగకు సరిపోకపోవచ్చును.

రెండవది: ఈ పాత్ర సులభముగా శుభ్రపడునా? గీతలు, పగుళ్ళు, మడతలు ఉన్నచోట జిడ్డు నిలుచును. జిడ్డు నిలిచినచోట క్రిములు పెరుగును.

మూడవది: ఇది ఎన్నాళ్ళు మన్నును? పాతబడిన పిమ్మట దీనికి విలువ ఉండునా?

నాలుగవది: దీనిని పారవేసినచో ఏమగును? ఇంటివారు ఈ ప్రశ్న అంతగా వేయరు. పంచాయతీ మాత్రము తప్పక వేయవలెను.

ఈ నాలుగు ప్రశ్నలతో ఒక్కొక్క పాత్రను పరిశీలింతము.

విస్తరాకు

పాత్రలన్నిటిలో ప్రాచీనమైనది ఆకు. కోనసీమవంటి తోట ప్రాంతములలో అరటి ఆకు, తెలంగాణమున మోదుగ ఆకు, తూర్పు కనుమల ప్రాంతమున అడ్డాకు, ఇతర చోట్ల మఱ్ఱి, బాదము, తామర ఆకులు భోజనమునకు వాడుట మన అలవాటు. అడ్డాకు అడవిలో చెట్లపై ప్రాకు ఒక పెద్ద తీగ యొక్క ఆకు. గిరిజనులు దానిని కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి సంతకు తెత్తురు. సన్నని పుల్లలతో ఆకులను కుట్టి విస్తళ్ళను, దొప్పలను చేయుదురు. ఈ పని అనేక కుటుంబములకు, ముఖ్యముగా స్త్రీలకు, వ్యవసాయపు పనులు లేని దినములలో కొంత ఆదాయము నిచ్చును.

ఆకు ఆహారములో హాని చేయు పదార్థమును కలుపదు. ఒకరు తిన్నది మరియొకరు తినరు గనుక ఎంగిలి వలన వ్యాధులు అంటునను భయము లేదు. కడుగుటకు నీరు అక్కరలేదు. వేసవిలో నీటి ఎద్దడి గల గ్రామములకు ఇది గొప్ప సదుపాయము. తిన్న పిమ్మట పశువులు మేసినను హాని లేదు. ఎరువు గుంటలో వేసినచో కొన్ని నెలలలో మట్టిలో కలిసిపోవును.

దోషములు లేకపోలేదు. పలుచని చారు, మజ్జిగ విస్తరిపై నిలువవు. వానికి దొప్ప కావలెను. వానకాలమున కట్టలు చెమ్మగిల్లినచో బూజు పట్టును. బూజు పట్టిన ఆకును వాడరాదు. తోటలలో పురుగుమందు చల్లుదురు గనుక అరటి ఆకును రెండు వైపుల కడిగి తుడువవలెను. పుల్లలకు మారుగా ఇనుప పిన్నులు కొట్టిన విస్తళ్ళను కొనరాదు. పిన్ను అన్నములో కలిసి గొంతులోనికి పోవచ్చును, విస్తరిని మేసిన పశువునకును అపాయము కలుగవచ్చును.

నేడు మరియొక మోసము కలదు. ఆకు క్రింద ప్లాస్టిక్కు పొరను అంటించి అచ్చు నొత్తిన పళ్ళెములును, అరటి ఆకు బొమ్మను కాగితముపై అచ్చువేసి పైన ప్లాస్టిక్కు పూసిన విస్తళ్ళును అంగళ్ళలో అమ్ముచున్నారు. ఇవి చూపునకు ఆకులే గాని నిజమునకు ఆకులు కావు. అంచును చింపి చూచినచో సన్నని పొర సాగుచు బయటపడును. అట్టివానిని విస్తళ్ళుగా లెక్కింపరాదు.

కంచు, ఇత్తడి, రాగి

కంచము అను మాట వినగానే కంచు గుర్తు వచ్చును. కంచు రాగియు తగరమును కలిసిన లోహము. భోజనపు కంచములకు వాడు మేలురకము కంచులో సుమారు 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరము ఉండును. తగరము అధికముగా ఉండుటచే ఈ లోహము పులుపునకు ఇత్తడికన్న బాగుగా నిలుచును, వేడిని కొంతసేపు నిలుపును, తరతరములు మన్నును. కాని ఇది పెళుసు. రాతిపై పడినచో పగులును. ధరయు ఎక్కువ. శ్రీకాకుళము జిల్లాలోని బూడితి గ్రామపు కంచు, ఇత్తడి పనితనమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇట్టి పాత్రలను కొనుట వలన మన చేతిపనివారికి పని దొరకును.

ఇత్తడి రాగియు జింకును కలిసిన లోహము. ఇది పగులదు, పాతబడినను తూకమునకు అమ్మవచ్చును. కాని పులుసు గాని మజ్జిగ గాని ఇత్తడిలో నిలువయుంచినచో పచ్చని కిలుము పట్టును, ఆహారము చేదెక్కును, వికారము, వాంతులు కలుగును. అందుచేతనే పెద్దలు ఇత్తడి పాత్రల లోపల కళాయి వేయించెడివారు.

కళాయి యనగా తగరపు పూత. పాత్రను నిప్పులపై వేడిచేసి, నవాసారపు పొడి చల్లి, తగరమును కరగించి దూదితో లోపల అంతటను పూయుదురు. తగరము 232 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే కరగును గనుక ఈ పనికి చిన్న కొలిమి చాలును. ఇందుచేతనే కళాయి పాత్రను ఏమియు పోయకుండ పొయ్యిపై పెట్టరాదు. పూత కరగి పోవును. తెల్లని పూత క్రింద పసుపు రంగు కనబడుట ఆరంభమైనచో మరల కళాయి వేయింపవలసిన కాలము వచ్చినదని ఎరుగవలెను. కొందరు చవుకకై తగరములో సీసము కలుపుదురు. సీసము విషము, పిల్లల మెదడు ఎదుగుదలకు అది మిక్కిలి హాని చేయును. కావున నమ్మకమైన పనివానిచే శుద్ధమైన తగరముతోనే కళాయి వేయింపవలెను.

రాగి పాత్ర త్రాగునీటికి మంచిది. రాత్రి అంతయు రాగి పాత్రలో నిలువయున్న నీటిలో కొన్ని రోగక్రిములు నశించునని ప్రయోగములవలన తేలినది. కాని బురద నీరును, మురికి నీరును రాగి శుద్ధి చేయజాలదు. అట్టి నీటిని కాచియో, క్లోరిను కలిపియో త్రాగవలెను. మజ్జిగ, నిమ్మరసము రాగి గ్లాసులో ఎన్నడును పోయరాదు.

అల్యూమినియము

1886 లో అమెరికాలో హాల్ అనునతడును, ఫ్రాన్సులో ఎరూ అనునతడును విద్యుత్తు సాయముతో అల్యూమినియమును చవుకగా తీయు మార్గమును వేర్వేరుగా కనుగొనిరి. అంతకు పూర్వము దుర్లభమైన ఈ లోహము ఆ పిమ్మట పేదల వంటింటికి వచ్చినది. మనవారు దీనిని కొన్ని చోట్ల సత్తు అనియు, కొన్ని చోట్ల సిల్వరు అనియు పిలుతురు. పూర్వము సత్తు అనగా తగరము. సిల్వరు అనగా వెండి. ఈ పాత్రలో తగరమును లేదు, వెండియు లేదు.

దీని సుగుణము తేలికదనము. ఒకే పరిమాణము గల ఉక్కు బరువులో ఇది సుమారు మూడవ వంతు ఉండును. ధర తక్కువ. వేడిని త్వరగా గ్రహించును. స్టీలుకన్న సుమారు 15 రెట్లు వేగముగా వేడిని ప్రసరింపజేయును. వంటకు ఈ గుణము మేలు చేయును గాని భోజనపు పళ్ళెమునకు మేలు కాదు. వేడి అన్నము పెట్టినంతనే పళ్ళెము చేతిని కాల్చును.

పెద్ద దోషము వేరొకటి కలదు. పులుపును క్షారమును రెండును అల్యూమినియమును కరగించును. చింతపండు పులుసు ఇందులో నిలువయుంచుటయు, బూడిదతోను సోడాతోను గట్టిగా తోముటయు తగదు. ఆరోగ్యవంతుని దేహమునకు చేరిన కొద్దిపాటి అల్యూమినియము మూత్రము ద్వారా పోవును. మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము జాగ్రత్త వహింపవలెను. తుక్కు లోహమును, పాత యంత్రముల భాగములను కరగించి పోసిన పాత్రలలో సీసము ఉండగలదని పలు దేశములలో జరిగిన పరీక్షలు చూపినవి. గుర్తింపు లేని చవుక పాత్రలను కొనరాదనుటకు ఇది ముఖ్య కారణము.

స్టీలు

త్రుప్పు పట్టని ఉక్కును ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున హారీ బ్రియర్లీ అను లోహ శాస్త్రజ్ఞుడు 1913 లో తయారుచేసెను. ఇనుములో కనీసము 10.5 పాళ్ళు క్రోమియము కలిపినచో పాత్ర పైన కంటికి కనబడని సన్నని పొర ఏర్పడును. అది గీచుకొని పోయినను గాలి తగిలి తనంతట తానే మరల ఏర్పడును. స్టీలు త్రుప్పు పట్టకుండుటకు రహస్యము ఇదియే.

భోజన పాత్రలకు మేలైన రకమునందు సుమారు 18 పాళ్ళు క్రోమియము, 8 పాళ్ళు నికెలు ఉండును. దీనినే వర్తకులు 304 రకము అందురు. 202 అను చవుక రకమునందు నికెలును తగ్గించి మాంగనీసు కలుపుదురు. ఉప్పునకు, పులుపునకు ఇది అంతగా నిలువదు. అయస్కాంతము అంటుకొనకున్నచో మంచి స్టీలు అని పలువురు నమ్ముదురు. ఈ నమ్మకము పూర్తిగా సరియైనది కాదు. 304 రకమునకును, 202 రకమునకును గూడ అయస్కాంతము సాధారణముగా అంటుకొనదు. కావున ఆ పరీక్ష ఒక్కటియే చాలదు. పాత్రపై ముద్రించిన గుర్తును చూడవలెను. స్టీలు, అల్యూమినియము పాత్రలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేయుచు 2024 లో కేంద్ర ప్రభుత్వము ఉత్తరువు వెలువరించినది. స్టీలు పాత్రల ప్రమాణము సంఖ్య 14756. పంచాయతీ గాని, పాఠశాల గాని పాత్రలు కొనునప్పుడు ఈ గుర్తును అడిగి తీసికొనవలెను.

పై నాలుగు ప్రశ్నలకును స్టీలు తృప్తికరముగా సమాధానము చెప్పును. మన భోజనములోని పులుపునకు నిలుచును. నునుపుగా ఉండుటచే త్వరగా శుభ్రపడును. క్రింద పడినను పగులదు. పాతబడిన పిమ్మట తుక్కుగా అమ్మినను ధర వచ్చును. దోషములు రెండు: మొదట పెట్టుబడి కావలెను, కడుగుటకు నీరు, మనిషి కావలెను. తడి ఉప్పును, ఊరగాయను స్టీలు గిన్నెలలో నెలల తరబడి నిలువయుంచరాదు. ఇనుప పీచుతో తోమినచో దాని తునకలు అంటుకొని త్రుప్పు మరకలు పడును. కొబ్బరి పీచు మేలు.

పింగాణీ, మెలమైను, మట్టి

పింగాణీ పళ్ళెము పులుపునకు చెదరదు గాని పగులును. ఇనుప రేకుపై పింగాణీ పూసిన పళ్ళెములు పూత ఉన్నంతవరకు మంచివే. పూత పెచ్చులూడిన చోట త్రుప్పు పట్టును. పెచ్చులు అన్నములో కలియును. అట్టివానిని వెంటనే మానివేయవలెను.

మెలమైను పళ్ళెములు రంగురంగుల పూలతో అందముగా ఉండును. కాని అది ఒకవిధమైన ప్లాస్టిక్కే. మిక్కిలి వేడిగా ఉన్న పులుపు పదార్థములను అందులో పెట్టినచో హానికరమైన రసాయనములు కొద్దిగా ఆహారములోనికి దిగును. గీతలు పడి రంగు వెలిసిన మెలమైను పళ్ళెమును పిల్లలకు పెట్టరాదు.

మట్టి మూకుడు, ముంత కుమ్మరులకు పని కల్పించును. పగిలినచో మట్టిలో కలియును. ఒక్కసారి వాడుటకు మజ్జిగ, తేనీరు పోయుటకు తగినది. మట్టికి సన్నని రంధ్రములుండును గనుక పలువురు మార్చి మార్చి త్రాగుటకు మట్టి పాత్ర తగదు.

ఒక్కసారి వాడి పారవేయు పళ్ళెములు

థర్మోకోలు అనునది పాలిస్టిరీను అను ప్లాస్టిక్కును గాలితో పొంగించి చేసిన పదార్థము. అది సుమారు 100 డిగ్రీల వేడికి మెత్తబడును. పొయ్యి మీదనుండి దింపిన చారు, పొగలు గ్రక్కు కూర దానిపై పోయుట మంచిది కాదు. విందు ముగిసిన పిమ్మట అది తేలికగా ఉండుటచే గాలికి ఎగిరి చేలలోను, కాలువలలోను పడును. తునకలు తునకలుగా విరుగును గాని కుళ్ళి మట్టిలో కలియదు. అన్నపు వాసన తగిలి పశువులు దానిని మ్రింగును; ప్లాస్టిక్కు కడుపులో పేరుకొని పశువు మేత మాని కృశించును, ఒక్కొక్కప్పుడు చనిపోవును. ఒక పాడి పశువు పోయినచో ఆ కుటుంబము ఎంత నష్టపోవునో గ్రామస్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

కొందరు ఈ చెత్తను తగులబెట్టి శుభ్రపరచితిమని తలంతురు. తగులబెట్టినచో కుప్ప కనబడకపోవును గాని విషపు పొగ ఊరంతయు వ్యాపించును. ప్లాస్టిక్కును ఎట్టి పరిస్థితిలోను తగులబెట్టరాదు.

కాగితపు గ్లాసు ప్లాస్టిక్కు గ్లాసుకన్న మంచిదని పలువురి అభిప్రాయము. కాగితమునకు నీరు ఇంకకుండ లోపల సన్నని ప్లాస్టిక్కు పూత పూయుదురన్న సంగతి వారికి తెలియదు. ఖరగ్‌పూరులోని ఐ.ఐ.టి. పరిశోధకులు 2020 లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, 85 నుండి 90 డిగ్రీల వేడి గల 100 మిల్లీలీటర్ల ద్రవమును కాగితపు గ్లాసులో 15 నిమిషములు ఉంచినచో అందులోనికి సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్కు కణములు చేరును. కాగితమని నమ్మి తేనీరు త్రాగువారు ఈ సంగతిని గమనింపవలెను.

చట్టము ఏమి చెప్పుచున్నది

కేంద్ర ప్రభుత్వము 2021 ఆగష్టు 12 న ప్లాస్టిక్కు వ్యర్థముల నిబంధనలను సవరించినది. ఆ సవరణ ప్రకారము 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్కు పళ్ళెములు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, ముళ్ళ చెంచాలు, కత్తులు, పీల్చు గొట్టములు, ట్రేలు తయారుచేయుట, నిలువచేయుట, అమ్ముట, వాడుట అన్నియు నిషేధింపబడినవి. థర్మోకోలుతో చేసిన పళ్ళెములు, గ్లాసులు కూడ ఈ నిషేధములో చేరును. అమ్మువారు మాత్రమే కాదు, విందులో వాడువారును నిబంధనను అతిక్రమించినవారే యగుదురు.

ఈ నిబంధనలు పట్టణములకే చెందినవని కొందరు సభ్యులు తలంచుట కద్దు. 2016 నాటి నిబంధనలు వచ్చువరకు ఆ మాట నిజము. 2016 నుండి ఇవి గ్రామములకును వర్తించుచున్నవి. గ్రామ పంచాయతీ బాధ్యతలు అందులో వేరుగా చెప్పబడినవి. రాజ్యాంగపు 73 వ సవరణ ద్వారా చేరిన పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములలో ఆరోగ్యము, పారిశుద్ధ్యము ఉన్నవి. చిన్నతరహా అటవీ ఉత్పత్తులును ఉన్నవి. విస్తరాకు ఈ రెండింటికిని సంబంధించినది.

కాని నిషేధము చెప్పినంత మాత్రమున పని జరుగదు. మూడు వందల మందికి భోజనము పెట్టవలసిన ఇంటి యజమానికి "ఇది వాడకుము" అని చెప్పుట తేలిక, "మరి దేనిలో పెట్టుదును?" అని అతడు అడిగినచో సమాధానము చూపుట పంచాయతీ విధి.

ఊరి పాత్రల నిధి

ఆ సమాధానము ఊరికి ఉమ్మడిగా ఒక పాత్రల నిధిని ఏర్పరచుట. తెలంగాణములోని సిద్దిపేట జిల్లాలో "స్టీలు బ్యాంకు" అను పేరున ఇట్టి ఏర్పాటు జరిగినది. కేరళ రాష్ట్రమున విందులలోను, సభలలోను పారవేయు పాత్రలకు మారుగా కడిగి వాడు పాత్రలనే వినియోగించు పద్ధతిని ప్రోత్సహించుచున్నారు. ఇది గొప్ప పెట్టుబడి కావలసిన పని కాదు.

ఒక చిన్న లెక్క చూడుడు. ఒక గ్రామమున సంవత్సరమునకు 30 విందులు జరుగుననియు, ఒక్కొక్క విందునకు 300 మంది వత్తురనియు అనుకొందము. ఒక్కొక్కరికి ఒక పళ్ళెము, ఒక గిన్నె, రెండు గ్లాసులు చొప్పున సంవత్సరమునకు 36,000 వస్తువులు ఊరిలో చెత్తగా మారును. వీనిని కొనుటకు గ్రామస్థులు డబ్బు ఇత్తురు. ఎత్తించుటకు మరల పంచాయతీ డబ్బు వెచ్చించును. దీనికి మారుగా 300 స్టీలు పళ్ళెములు, గిన్నెలు, గ్లాసులు ఒక్కసారి కొన్నచో ఒక్కొక్క పళ్ళెము సంవత్సరమునకు 30 సార్లు వాడుకకు వచ్చును. స్టీలు పళ్ళెము ధర పారవేయు పళ్ళెము ధరకు 30 రెట్లు ఉన్నను, కడుగు ఖర్చును ప్రక్కన ఉంచినచో, ఒక్క సంవత్సరములో ఆ ధర తిరిగివచ్చును. పళ్ళెము మాత్రము పది సంవత్సరములైనను నిలుచును. సభ్యులు తమ ఊరి విందుల సంఖ్యను, తమ అంగడి ధరలను వేసికొని ఇదే లెక్కను కట్టి చూచుకొనవచ్చును.

నిధిని నడుపుటకు కొన్ని నియమములు అవసరము. ప్రతి పాత్రపై పంచాయతీ పేరు చెక్కింపవలెను; మన ఇండ్లలో పాత్రలపై పేర్లు చెక్కించు అలవాటు ఉన్నదే. పాత్రల నిర్వహణ స్వయం సహాయక సంఘమునకు అప్పగించినచో వారికి కొంత ఆదాయము కలుగును. ఇచ్చునప్పుడును, తిరిగి తీసికొనునప్పుడును లెక్కించి పుస్తకములో వ్రాయవలెను. కొద్దిపాటి ధరావతు తీసికొని పాత్రలు సరిగా వచ్చిన పిమ్మట తిరిగి ఈయవలెను. పోయిన పాత్ర ధరను అందులో మినహాయింపవచ్చును. అద్దె పేదలు సైతము ఇచ్చుకొనగలిగినంత ఉండవలెను. లేనిచో వారు మరల థర్మోకోలు కొరకే పోవుదురు.

నీరు తక్కువగా ఉన్న గ్రామములు, వేసవి విందులు విస్తరాకును ఎన్నుకొని, నీటికి, మజ్జిగకు మాత్రము స్టీలు గ్లాసులు వాడుకొనవచ్చును. పళ్ళెమునకు ఒక లీటరు చొప్పున లెక్కించినను 300 పళ్ళెములకు 300 లీటర్ల నీరు కావలెను. ఈ సంగతిని ముందే ఆలోచించి ఏర్పాటు చేసికొనవలెను. విస్తరాకు విందులు జరుగు ఊరిలో ఎరువు గుంట సిద్ధముగా ఉండవలెను. తిన్న ఆకులను కుప్పగా వదలినచో ఈగలు ముసరును. గుంటలో పరచి పేడనీరు చల్లి మట్టి కప్పినచో ఎరువగును.

కడుగుటలో జాగ్రత్త

మేలైన పాత్రయు సరిగా కడుగకున్నచో రోగమునకు మూలమగును. ఒకే తొట్టిలోని మురికి నీటిలో వందల పళ్ళెములను ముంచి తీయుట కడుగుట కాదు. ఒకరి ఎంగిలిని అందరికి పంచుట. మొదట ఎంగిలి మెతుకులను వేరుగా దులుపవలెను. పిదప సబ్బు నీటితో తోమవలెను. ఆ పిదప పారు నీటిలో గాని, మాటిమాటికి మార్చిన శుభ్రమైన నీటిలో గాని కడుగవలెను. తుదకు మరుగు నీరు పోసి ఎండలో బోర్లింపవలెను. తడి గుడ్డతో తుడుచుటకన్న ఎండలో ఆరబెట్టుట మేలు.

మురుగు కాలువ ప్రక్కనున్న మట్టితో పాత్రలు తోముట కొన్ని చోట్ల నేటికిని కలదు. ఆ మట్టిలో నులిపురుగుల గ్రుడ్లు ఉండవచ్చును. ప్లాస్టిక్కు కాల్చిన పొయ్యి బూడిదయు పనికిరాదు. పాఠశాలలోను, అంగన్‌వాడీలోను పిల్లలు తమ పళ్ళెములను తామే కడుగుకొనుచున్నచో అక్కడ సబ్బు, ధారాళముగా నీరు ఉన్నవో లేవో సభ్యులు స్వయముగా పోయి చూడవలెను.

అందరికి ఒకే పాత్ర

ఉమ్మడి పాత్రలను గూర్చి చెప్పునప్పుడు ఒక విషయమును మరువరాదు. కాఫీ హోటళ్ళలో కొందరికి ఒక విధమైన గ్లాసు, మరికొందరికి వేరొక గ్లాసు ఉంచు దురాచారము మన గ్రామములను చిరకాలము బాధించినది. రాజ్యాంగపు 17 వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. 1955 లో వచ్చి, నేడు పౌరహక్కుల రక్షణ చట్టము అను పేర నున్న శాసనము, హోటళ్ళలోను సత్రములలోను ప్రజలకై ఉంచిన పాత్రలను వాడుకొనకుండ అస్పృశ్యత పేరిట ఎవరినైనను అడ్డగించుటను నేరముగా ప్రకటించినది. ఆ చట్టము పాత్రలను ప్రత్యేకముగా పేర్కొనుటయే ఈ విషయము ఎంత ముఖ్యమో తెలుపుచున్నది.

పంచాయతీ పాత్రల నిధిలో ఒక వాడకు ఒక కట్ట, మరియొక వాడకు మరియొక కట్ట అను భేదము ఎన్నడును ఉండరాదు. అన్ని వాడల విందులకును అవే పళ్ళెములు పోవలెను, అవే గ్లాసులు తిరిగి రావలెను. అట్లు జరుగనిచో, ఎంత మెరిసినను ఆ స్టీలునకు విలువ లేదు.

సభ్యులు చేయదగినది

ఇంటికి ఏ పాత్ర మంచిదనునది ఆయా కుటుంబముల శక్తిని, అలవాటును బట్టి ఉండును. కంచు ఉన్నవారు దానిని అమ్ముకొనక వాడుకొనవలెను. ఇత్తడి ఉన్నవారు కళాయి వేయించుకొనవలెను. క్రొత్తగా కొనువారు గుర్తు గల స్టీలు కొనవలెను. అల్యూమినియమును పులుపునకు దూరముగా ఉంచవలెను. పదిమంది కూడి తినుచోట మాత్రము స్టీలునకును, విస్తరాకునకును మించినది లేదు. వీనిలో ఏది తగినదో నీటి సదుపాయమును బట్టి నిర్ణయించుకొనవచ్చును. ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్కునకు, థర్మోకోలునకు ఊరిలో చోటు లేదు.

రాబోవు పంచాయతీ సమావేశపు కార్యక్రమ పట్టికలో ఈ విషయమును చేర్పుడు. పారవేయు పళ్ళెములు అమ్ము అంగళ్ళవారిని, వంటవారిని, సంఘపు స్త్రీలను పిలిచి మాటలాడుడు. ఊరి విందులను లెక్కించుడు. మొదట వంద పళ్ళెములతోనైనను నిధిని ఆరంభింపుడు. గ్రామసభనాడు ఇచ్చు తేనీటిని ఆ నిధిలోని స్టీలు గ్లాసులలోనే పోయింపుడు. పంచాయతీ తాను ఆచరించిన పిమ్మట చెప్పు మాటను గ్రామస్థులు తప్పక ఆలకింతురు.